కీ ఇవ్వని గడియారం

క్యూర్‌పీప్‌లో వానకి వారానికి ఎనిమిది రోజులు.
మా సందులో మూడే కొట్లు.
ఎడమన పండిత్ దేవ్‌దత్ రామ్‌చర్న్, కుడిన మదామ్ జిస్లేన్,
మధ్యన నేను, గడియారాల లీ-యూన్.
చెక్క గోడలు, పలచన.
వాళ్లిద్దరి ఆకాశాలూ
నా చెవుల దగ్గర కలుసుకుంటాయి.

పండిత్ ముందు చంద్రుణ్ణి అడుగుతాడు.
మదామ్ సూర్యుణ్ణి.
నాది పంది సంవత్సరం. నన్నెవరూ అడగరు.

మార్చిలో పగలూ రాత్రీ సమానమైన రోజు
మేషం మొదలంటుంది ఆమె.
ఖాళీ దొడ్డి ముందు నిలబడి
గొర్రెల్ని లెక్కపెడుతోంది పాపం, అంటాడు ఆయన,
చుక్కలు ఎప్పుడో జరిగిపోయాయి.
ఎంత జరిగాయి అని నేనడిగాను ఒకసారి.
డెబ్బై రెండేళ్లకి ఒక డిగ్రీ.

మా నాయనమ్మ సరిగ్గా డెబ్బై రెండేళ్లు బతికింది.
తొమ్మిది కాన్పులు, ఎండు చేపల వ్యాపారం,
హక్కాలో తిట్లు, క్రియోల్‌లో బేరాలు.
అంతా కలిపి ఆకాశం ఒక్క గీత కదిలింది.
ఇప్పటికి ఇరవై నాలుగు గీతలట తేడా.
ఇరవై నలుగురు నాయనమ్మలు బారుగా నిలబడితే
ఆ కొట్టుకీ ఈ కొట్టుకీ మధ్య దూరం.

పుస్తకం మాత్రం ఇద్దరికీ ఒకటే,
ఫ్రాన్స్ నుంచి ఓడలో వస్తుంది.
ఆమె ఉన్న అంకె ఉన్నట్టు చదువుతుంది.
ఆయన ప్రతి అంకెలోంచీ ఇరవై నాలుగు కోసుకుంటాడు,
రేవులో సుంకం గుమాస్తాలా.
పేజీ చిరిగితే మాత్రం
నా కిటికీలోంచి అరువు ఇచ్చిపుచ్చుకుంటారు.

ఓరెలీ సీబాలక్ ఏప్రిల్లో వచ్చింది, విరిగిన గొడుగుతో.
ఆసుపత్రి దుప్పట్లు ఇస్త్రీ చేసే చేతులు.
తండ్రి భోజ్‌పురి, తల్లి క్రియోల్,
అందుకని రెండు కొట్లూ ఎక్కింది.
‘మేషం. నిప్పు. వసంతంలో మొలిచావు నువ్వు.’
‘మీనం. నీళ్లు. సూర్యుడు రేవతిలో ఉన్నాడు.’

ఆమె కుడి కొట్లోకి తిరిగెళ్లి అడగడం విన్నాను:
‘ఏప్రిల్లో వసంతమేంటి మదామ్?
చలి మొదలవుతుంది, బాదం ఆకులు ఎర్రబడి రాలతాయి.’
‘వసంతం ఇక్కడ కాదమ్మా, అక్కడ, ఫ్రాన్సులో.’
‘నేను పుట్టింది మాయెబూర్‌లో.’
ఎడమ గోడ అవతల పండిత్ పెద్దగా నవ్వాడు.
‘నవ్వకండి. మరి నా లగ్నం?’
‘పుట్టిన వేళ చెప్పు.
అరగంట అటూ ఇటూ అయితే గడప దాటేస్తుంది.’

అప్పుడు నా బల్ల మీద పెట్టింది,
మంత్రసాని తాంత్ ఫ్లోరిన్ వాచీ.
నాలుగూ పది దగ్గర ఆగి ఉంది.
‘తుపాను రాత్రి పుట్టాను. నేను పడ్డ క్షణానే
నీళ్లు చేరి ఆగిందని మా అమ్మ చెప్పేది.
నాకు ఇదొక్కటే సాక్షి.’

వెనక మూత తీశాను.
నీళ్లు చేరితే తుప్పు ఉండాలి.
లేదు.
స్ప్రింగు పూర్తిగా విప్పుకుని
పనైపోయిన కూలీలా పడుకుని ఉంది.
తుపాను దీన్ని ముట్టుకోలేదు.
ఎవరూ కీ ఇవ్వలేదు, అంతే.
ఒక్క కీకి ముప్పై గంటలు నడిచే సరుకు ఇది.

చెప్పాను. ఆమె వేళ్ల మీద లెక్కపెట్టింది.
‘అంటే ముందు రోజు రాత్రి నుంచీ...’
‘ఆవిడ చెయ్యి ఖాళీ అయ్యుండదు.
నువ్వు అడ్డం తిరిగావేమో.’

రెండు గోడలూ నిశ్శబ్దం.
కాసేపటికి పండిత్ దగ్గాడు.
మదామ్ సన్నగా అడిగింది,
‘లీ-యూన్, ఇప్పుడు టైమెంత?’
నా కొట్లో ముప్పై ఒక్క గడియారాలున్నాయి,
ఏ రెండూ ఒకే మాట చెప్పవు.

డబ్బు తీసుకోలేదు, బాగుచేసిందేముంది?
ఎంతకి పెట్టమంటావన్నాను.
ఆమె వాచీ లాక్కుని తనే కీ ఇచ్చింది,
ముల్లు నాలుగూ పది మీదే ఉండగా.
చెవి దగ్గర పెట్టుకుంది,
విరిగిన గొడుగు బల్ల మీద మరిచిపోయి
వానలోకి దిగింది.